ఆ తిన్నె ఎవరిది?

మా వైపు పాత ఇళ్ళ ముందు తిన్నె ఉంటుంది. కోస్తాలో అరుగు అంటారు. వాకిలికి అటూ ఇటూ రాయి పేర్చి, పైన నున్నగా మెత్తి, ఎండా వానా తగలకుండా పంచ దింపి కట్టిన కూర్చునే చోటు. దస్తావేజు ప్రకారం అది ఇంటాయన సొత్తు. వాడకంలో మాత్రం వీధి సొత్తు. పూలగంప దించుకునే ఆమె, బస్సుకు ఇంకా టైముందని కూలబడిన ముసలాయన, పులిజూదం ఆడే పిల్లలు, వీళ్ళెవరూ ఎప్పుడూ అనుమతి అడగలేదు. ఊరంతా కూర్చునేది అంటారు పెద్దవాళ్ళు. ఆ ‘ఊరంతా’ అనే మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది వేరే లెక్క. దానికి తర్వాత వస్తాను.

నన్ను కొంతకాలంగా తొలిచేస్తున్న ప్రశ్న ఇది. ఇలాంటి తిన్నెలున్న ఒక వీధి మొత్తాన్ని ‘చారిత్రక ప్రాంతం’ అని ప్రకటించి, ఇకమీదట ఈ ఇళ్ళ ముఖాలు అనుమతి లేకుండా మార్చకూడదు అంటే, అది న్యాయమేనా?

కోటనో గుడినో కాపాడటం వేరే సంగతి. కోటలో ఇప్పుడెవరూ కాపురం ఉండరు. గుడిలో దేవుడుంటాడు గానీ ఆయనకు అటాచ్డ్ బాత్రూమ్ అక్కర్లేదు. వీధిలో మనుషులుంటారు. కొడుక్కి పెళ్ళయితే పైన ఒక గది వేసుకోవాలి, కారు కొంటే గేటు పెట్టుకోవాలి, వ్యాపారం పెడితే షట్టర్ కావాలి. వీధిని ప్రకటించడమంటే ఈ కోరికలన్నిటి మీదా ఒక కమిటీని కూర్చోబెట్టడమే.

ఈ ఆలోచనకు పేరున్న ఒక పాత ఉదాహరణ అమెరికాలో ఉంది. 1931లో చార్ల్‌స్టన్ నగరం తన పాత ఇళ్ళ ప్రాంతం చుట్టూ ఒక గీత గీసి, ఆ గీత లోపల వీధికి కనబడే మార్పు ఏది చేయాలన్నా ఒక బోర్డును అడగాలి అని నిబంధన పెట్టింది. మన దేశంలో బొంబాయి 1995 ఏప్రిల్‌లో వారసత్వ నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో హైదరాబాద్ తన జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చింది. అందులో భవనాలతో పాటు ప్రాంతాలను, ఆవరణలను కూడా చేర్చవచ్చన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2015 డిసెంబర్‌లో, తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసింది. 2017లో కొత్తగా వారసత్వ చట్టం చేసింది. 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఎర్రం మంజిల్‌ని కూల్చాలని మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఆ గొడవంతా ఒక నవాబు కట్టుకున్న మహల్ గురించి. మామూలు మనుషులు కాపురమున్న వీధి కోసం అంత గొడవ జరగడం నేను చూడలేదు.

మా ప్రాంతంలో కూడా సులువైన కేసులున్నాయి. మదనపల్లెలో అనిబిసెంట్ 1915లో స్థాపించిన థియోసాఫికల్ కాలేజీ ఉంది. 1919 ఫిబ్రవరిలో టాగోర్ అక్కడికి వచ్చి, కొన్ని రోజులుండి, జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ సాయంతో ఆ పాటకు స్వరలిపి తయారైంది కూడా అక్కడే. ఆ ఆవరణను కాపాడాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు. పుంగనూరులో జమీందారుల ప్యాలెస్‌ను కాపాడాలన్నా ఒప్పుకుంటారు. గొప్పవాడు ఓ వారం ఉన్న గదికి చరిత్ర ఉందని ఒప్పుకునే మనం, నాలుగు తరాల మామూలు మనుషులు పుట్టి, వండుకుని తిని, పోట్లాడుకుని, చచ్చిపోయిన వీధికి చరిత్ర ఉందంటే మాత్రం నవ్వుతాం. ‘అదేముంది, పాత కొంపలు’ అంటాం.

కుప్పం విషయానికొస్తే ఆ పాత కొంపలు ఇప్పుడు వేగంగా పోతున్నాయి. ఒకప్పుడు కంగుంది జమీందారీలోని ఊరు. మూడు రాష్ట్రాల సరిహద్దు, బెంగళూరు రైలు, 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం, ‘కుప్పం గ్రీన్’ పేరుతో దేశాలు దాటిపోయే గ్రానైట్. 2021లో మొదటి మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. మునిసిపాలిటీ అంటే రోడ్డు వెడల్పు, మురిక్కాలువ, ప్లాను అప్రూవల్. ఈ మూడింటికీ మొదట అడ్డొచ్చేది తిన్నే.

*

ముందు ప్రకటన తరఫున వాదిస్తాను. నిజానికి నాకు మొగ్గు అటే.

ఇంటికి రెండు ముఖాలుంటాయి. లోపలిది ఇంటివాళ్ళది. బయటిది, దాన్ని రోజూ చూసేవాళ్ళది. నా ఇంటి ముందుభాగాన్ని నాకంటే ఎదురింటివాళ్ళే ఎక్కువ చూస్తారు. వరసగా ఇరవై ఇళ్ళకు ఒకే ఎత్తులో పంచలు, రాతి స్తంభాలు, తిన్నెలు ఉన్నప్పుడు ఆ వరసకు ఒక అందం, ఒక నీడ, ఒక నడవడి ఉంటాయి. అది ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఒకాయన తన వంతు పీకేసి షట్టర్ వేశాడనుకోండి. ఆయనకు నెలకు బాడుగ వస్తుంది. వీధికి పోయింది ఇరవైలో ఒక వంతే కదా అనిపిస్తుంది. రెండో ఆయనకు వరస ఎలాగూ తెగిపోయింది కాబట్టి అడ్డు చెప్పే కారణం ఇంకా తగ్గుతుంది. ఐదో ఇంటికల్లా వీధి అయిపోతుంది. ఎవరూ తప్పు చేయలేదు. ఎవరి లెక్క వాళ్ళకు సరిగ్గానే ఉంది. కానీ ఇరవై మందిలో ఏ ఒక్కరూ కోరుకోని వీధి చివరకు తయారవుతుంది. ఇలాంటి చోటే నియమం అవసరం. చెరువు నీళ్ళకు నీరుగట్టివాడు ఎందుకు కావాలో, వీధికి నియమం అందుకే కావాలి.

ఇంకో మాట. పోయిన వీధి తిరిగి రాదు. నా ఉద్యోగంలో ప్రోగ్రాం పాడుచేస్తే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళొచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ వరస మార్చారో అన్నీ ‘గిట్’లో ఉంటాయి. అందుకే మేం ధైర్యంగా చెరిపేస్తాం. ఇంటికి గిట్ లేదు. ఆ స్తంభం చెక్కిన చెయ్యి ఇప్పుడు కిచెన్ ప్లాట్‌ఫారానికి గ్రానైట్ కోస్తోంది. వెనక్కి తీసుకోలేని పని చేసేముందు ఆగి అడగమనడం మరీ పెద్ద కోరికేం కాదు.

*

ఇప్పుడు ఎదుటి పక్షం. ఈ వాదన మా పెద్దమ్మది. నా వాదనంతా విని ఆమె అన్న మాట యథాతథంగా రాస్తున్నా.

“నువ్వు బెంగుళూరులో లిఫ్టులో పైకి పోతావు. నేను ఏటేటా కోతులు పీకేసిన పెంకులు సర్దిచ్చుకుంటా ఈడ కూసోవల్నా? నీకు చూసేదానికి బాగుండాలని నేను కురిసే ఇంట్లో ఉండల్నా నాయినా?”

ఈ ప్రశ్నకు నా దగ్గరున్న అందమైన మాటలేవీ పనికిరావు. పాత పెంకుటిల్లు నిలబెట్టాలంటే మంచి టేకు కావాలి, సున్నం పని తెలిసిన మేస్త్రీ కావాలి. ఇద్దరూ దొరకరు. దొరికినా కొత్త స్లాబు వేసినంత ఖర్చు. ఆ ఖర్చు ఆమెది. ఫోటో నాది. ‘వారసత్వం’ అనే మాట ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ నోట ఎక్కువగా వినబడటంలో ఆశ్చర్యం లేదు. మనం మారిపోయాం కాబట్టి మారకుండా ఉండేది ఏదో ఒకటి అక్కడ ఉండాలి మనకు. మన జ్ఞాపకానికి కాపలా ఉద్యోగం వాళ్ళకిచ్చి, జీతం మాత్రం ఇవ్వం.

చట్టం దిగినప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 2010 సవరణ ప్రకారం 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ వంద మీటర్లలో ఇల్లున్నవాడు కొత్తగా ఏదీ కట్టకూడదు, మరమ్మత్తుకైనా అనుమతి తెచ్చుకోవాలి. హంపీలో ఇంకా ఘోరం. విరూపాక్ష గుడి ముందున్న బజారు వీధిలో, పాత రాతి మంటపాలనే ఇళ్ళుగా, అంగళ్ళుగా చేసుకుని బతుకుతున్నవాళ్ళను 2011 జూలైలో బుల్‌డోజర్లతో ఖాళీ చేయించారు. అది విజయనగర కాలంలో బజారు. జనం అమ్ముకుని కొనుక్కుని బతికిన చోటు. బజారును కాపాడాలని బజారులో జనం లేకుండా చేశారు. ఇప్పుడక్కడ స్తంభాలు శుభ్రంగా ఉన్నాయి.

నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇవ్వొచ్చు కదా అంటారు. దానికో ఉపాయం ఉంది. మీ ఇంటి మీద మీరు కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును ఇంకోచోట వాడుకోవడానికో, అమ్ముకోవడానికో ఇవ్వడం. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ కట్టనివ్వని నగరాన్ని 1978లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు ఈ ఉపాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. మన దగ్గర రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్ళకు ఇచ్చే టీడీఆర్ బాండ్లు ఇదే జాతివి. మన్‌హట్టన్‌లోనో ముంబైలోనో ఆ కాగితానికి కోట్లు పలుకుతాయి, ఎందుకంటే అక్కడ ఆకాశానికి రేటుంది. కుప్పంలో నాలుగో అంతస్తు హక్కు ఎవరు కొంటారు? నగరం కోసం రాసిన పరిహారం చిన్న ఊళ్ళో చిత్తుకాగితం.

మా ప్రాంతంలోనే ఈ కథకు నాలుగు కాళ్ళ ఉదాహరణ ఒకటుంది. పుంగనూరు ఆవు. పొట్టిది. గడ్డి పెద్దగా దొరకని నేలలో తక్కువ మేతతో బతికి, చిక్కటి పాలిచ్చేది. సంకర జాతులొచ్చాక అంతరించే దశకు వచ్చింది. పలమనేరు పరిశోధన కేంద్రంలో దాన్ని నిలబెట్టారు, మంచిదే. తర్వాత అది ఫ్యాషనైంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు లక్షల్లో ధర. నగరాల్లో ఫామ్‌హౌస్‌ల ముందు ముద్దుగా తిరుగుతోంది. జాతి బతికింది. ఆ జాతిని తయారుచేసిన బీదరైతు మాత్రం దాన్ని కొనలేడు. ఒక వీధిని కాపాడి, ఆ వీధివాళ్ళు అందులో ఉండలేని స్థితి తెస్తే అదీ ఇలాగే ఉంటుంది. తిన్నెల మీద కెఫేలు వస్తాయి. కాఫీ బాగుంటుంది.

*

ఇంతవరకూ వాదన ఇంటాయనకూ వీధికీ మధ్య. దీని కింద ఇంకో ప్రశ్న ఉంది. నేను వాయిదా వేసిన ‘ఊరంతా’ అనే మాట.

కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడం అంటే కనీసం 100 ఏళ్ళ వయసుండాలి. చూడటానికి కులంతో సంబంధం లేని అంకె. కానీ మా ఊళ్ళలో వందేళ్ళు నిలబడిన ఇల్లు ఎవరిది? రాయి కొనగలిగినవాడిది, టేకు వాసాలు వేయగలిగినవాడిది, భూమి ఉన్నవాడిది. ఊరి చివర వాడలో బోద కప్పిన గుడిసె రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ కప్పుకోవాల్సిందే. ఆ గుడిసెల చోట తర్వాత ప్రభుత్వం కాలనీ ఇళ్ళు కట్టించింది. అక్కడి మనుషుల చరిత్ర బజారు వీధివాళ్ళ చరిత్ర కంటే చిన్నదేం కాదు. చూపించడానికి రాయి మిగల్లేదు, అంతే. వయసును కొలబద్దగా పెట్టుకుంటే, ఎవరి చరిత్రను గౌరవించాలో ఎప్పుడో వందేళ్ళ క్రితమే నిర్ణయమైపోయింది. మనం సంతకం పెడుతున్నామంతే.

ఇక ఆ తిన్నె మీద ఎవరు కూర్చునేవారు? వాడ నుంచి వచ్చిన మనిషి కూర్చునేవాడు కాదు. వీధిలో నిలబడి మాట్లాడేవాడు. కొన్ని వీధుల్లోకి అసలు వచ్చేవాడే కాదు. ఇది ఊహ కాదు. చిత్తూరు జిల్లా అప్పట్లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే మలబారు కూడా ఉండేది. అక్కడి పాలక్కాడ్ దగ్గర కల్పాత్తి అగ్రహారం. 1924లో రథోత్సవం రోజుల్లో ఈళవులు ఆ వీధుల్లో అడుగుపెడితే దాడులు జరిగాయి. ఇవాళ అదే కల్పాత్తిని కేరళ ప్రభుత్వం వారసత్వ గ్రామంగా ప్రకటించింది. వరస ఇళ్ళు, ముగ్గులు, రథం, అన్నీ నిజంగానే అందంగా ఉంటాయి. ఆ అందంలో భాగమే ఆ గొడవ. వీధి అంత తీరుగా, అంత ప్రశాంతంగా ఉండటానికి ఒక కారణం, అందులోకి ఎవరు రాకూడదో తేలిపోయి ఉండటం.

నేను తిన్నె ఉన్న వైపు నుంచి వచ్చినవాణ్ణి. కాబట్టి ఈ ప్రశ్న నాకు ఇంకో రకంగా తగులుతుంది. ‘అయితే అలాంటి వీధిని ఎందుకు కాపాడాలి? పోనివ్వండి’ అని ఎవరైనా అంటే, ఆ మాటలో న్యాయం ఉంది. అయినా ఒప్పుకోలేకపోతున్నాను, ఎందుకో చెప్తాను. వీధి పోతే అందంతో పాటు రుజువు కూడా పోతుంది. తిన్నె ఉన్నంతకాలం ‘దీని మీద ఎవరు కూర్చునేవారు తాతా?’ అని ఎవరైనా అడిగే అవకాశం ఉంటుంది. దాన్ని కొట్టేసి గ్రానైట్ మెట్లు పెట్టుకున్నాక, మా పిల్లలు ‘మా ఊళ్ళో అలాంటివేం లేవండీ’ అని సులువుగా అనగలరు. కూల్చివేత అన్నిసార్లూ ముందుకు వేసే అడుగు అవదు. ఒక్కోసారి సాక్షిని మాయం చేయడం కూడా.

అందుకే అందం అనే కారణాన్ని నేను పక్కన పెడుతున్నాను. అందం గురించి ఎవరి అభిరుచి వాళ్ళది, దానికోసం ఇంకొకరి ఇంటిని ఆపే హక్కు నాకు లేదు. సాక్ష్యం వేరు. మనం ఎలా బతికామో, ఒకరినొకరు ఎలా చూసుకున్నామో తెలిపే సాక్ష్యం మీద, రాబోయేవాళ్ళకు హక్కుంది. ముఖ్యంగా, ఆ వీధిలోకి రానివ్వని వాళ్ళ మనవళ్ళకు ఇంటాయన మనవళ్ళ కంటే ఎక్కువ హక్కుంది.

*

ఈ కారణాన్ని ఒప్పుకుంటే, ప్రకటన ఎలా ఉండాలో కూడా చాలావరకు అదే చెప్తుంది.

మొదటిది, గీత ఎక్కడ గీస్తాం అన్నది. రాతి ఇళ్ళు అయిపోయిన చోట ఆగే గీత అబద్ధం చెప్తుంది. అది వాడ దాకా వెళ్ళాలి. వాడలో వందేళ్ళ ఇల్లు లేకపోవచ్చు. వేరుగా తవ్వుకున్న బావి ఉంటుంది, వేరే శ్మశానం ఉంటుంది, బజారు వీధిని తప్పించి చుట్టూ తిరిగి పొలాలకు వెళ్ళిన దారి ఉంటుంది. ఆ దారి కూడా కట్టడమే. దానికీ పేరుండాలి, బోర్డుండాలి, అక్కడివాళ్ళు చెప్పిన మాటల్లోనే.

రెండోది, ఖర్చు. సాక్ష్యం అందరిదీ అయితే దాన్ని నిలబెట్టే ఖర్చు కూడా అందరిదీ కావాలి. వీధికి కనబడే ముఖం మాత్రం ఆపి, వెనక వైపు వంటిల్లు, బాత్రూమ్, పైగది ఇంటివాళ్ళ ఇష్టానికి వదలాలి. ఆస్తిపన్ను తీసేయాలి. పెంకులు సర్దే మనిషిని మునిసిపాలిటీ జీతమిచ్చి పంపాలి. ఇంత చేయడానికి డబ్బు లేదంటే, ఆ వీధి మనకు అంత ముఖ్యం కాదని ఒప్పుకుని ఊరుకోవాలి. ముఖ్యమే గానీ ఖర్చు మా పెద్దమ్మే పెట్టాలి అంటే అది వారసత్వం మీద ప్రేమ అవదు, అప్పు ఎగ్గొట్టడం అవుతుంది.

మూడోది, గడువు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువును చేయడానికి కట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. గతం మనసు మీద ఎంత బరువో జీవితాంతం చెప్తూ వచ్చాడు. వారసత్వ జాబితాలు రాసేవాళ్ళు ఆయన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలి. ఏ తరానికీ రాబోయే తరాలన్నిటినీ కట్టిపడేసే హక్కు లేదు. ప్రకటన ఒక ఇరవై ఏళ్ళకు ఉండాలి. ఆ తర్వాత వీధివాళ్ళు, వాడవాళ్ళు కూర్చుని మళ్ళీ ఓటు వేసుకోవాలి. వద్దనుకుంటే వద్దు. ఆ లోపల ప్రతి ఇంటినీ కొలిచి, గీసి, ఫోటో తీసి, అందులో ఉన్నవాళ్ళ మాటలు రికార్డు చేసి పెట్టాలి. ఇంటికి గిట్ లేదన్నాను, అంతో ఇంతో తయారు చేసుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. అది ఇల్లు అవదు. ఇల్లు పోయాక మిగిలే వాంగ్మూలం అవుతుంది.

ఇవన్నీ జరుగుతాయా అంటే, కుప్పం లాంటి ఊళ్ళో మొదటిది అన్నిటికంటే కష్టం. డబ్బు ఎక్కడో చోట దొరుకుతుంది, గడువుకు ఒక జీవో చాలు. బజారు వీధినీ వాడనూ ఒకే గీతలో పెట్టడానికి మాత్రం ఏ జీవో సరిపోదు. ఇంటాయన ఒప్పుకోవాలి. వాడవాళ్ళు కూడా ఒప్పుకోవాలి, తమకు జరిగిన అవమానానికి బోర్డు పెట్టించుకోవడం ఎవరికీ సరదా కాదు. వాళ్ళు వద్దంటే ఆ మాటే చివరిది.

తిన్నె ఎవరిదంటే, ఇంటాయనదే. దస్తావేజు అబద్ధం చెప్పదు. దాన్ని కొట్టేయకుండా ఉంచమని ఆయన్ను అడగాల్సింది మాత్రం దాని మీద కూర్చుని ఫోటో దిగే నేను కాదు. దాని ముందు నిలబడి మాట్లాడి వెళ్ళిపోయినవాళ్ళ పిల్లలు. వాళ్ళు ఉంచమంటే ఖర్చు పంచుకోవడం నా వంతు.